మేస్త్రీ గారికో ప్రశ్న: ప్లైవుడ్‌కి ఏ జాయింట్ వేయాలి?

ఈ నెల వచ్చిన ఉత్తరాలు ఎక్కువగా ప్లైవుడ్ చుట్టూనే తిరిగాయి. వాటిలో ఒకటి నాలుగు పేజీలుంది. అందులో ఉన్న తికమకే మిగతా చాలామందిలోనూ కనపడింది కాబట్టి దానికే ఎక్కువ చోటిస్తున్నాను. మిగతావాళ్లు ఏమీ అనుకోవద్దు.

ప్రశ్న: మేస్త్రీ గారూ, నమస్తే. నేను బడిలో లెక్కలు చెబుతాను. చెక్కపని ఎప్పుడూ చేసినదాన్ని కాదు. పుస్తకాలు నేల మీద గుట్టలుగా పడి ఉంటే చూడలేక, సొంతంగా ఒక బుక్‌షెల్ఫ్ చేసుకుందామని 18 మి.మీ. ప్లైవుడ్ షీటు తెచ్చాను. ఎత్తు 120 సెం.మీ., వెడల్పు 80, లోతు 28. పైపలక, అడుగుపలక, మధ్యలో రెండు అరలు. నా దగ్గర డ్రిల్లు, చేత్తో పట్టుకునే కరెంటు రంపం, మూలమట్టం, రెండు క్లాంపులు ఉన్నాయి. వీడియోలు చూస్తే ఒకాయన డవ్‌టెయిలే అసలైన జాయింట్ అంటాడు, అదే పావురం తోకలా పళ్లు కోసి ఒకదాంట్లో ఒకటి దూర్చేది. ఒకావిడ గాడి తీయకపోతే అర నిలవదంటుంది. ఇంకొకాయన వాలుగా వేసిన బెజ్జంలో దిగే పాకెట్ స్క్రూలుంటే చాలు, మిగతావన్నీ దండగ అంటాడు. డవెల్స్ అనే గుండ్రటి చెక్క పుల్లలు, బిస్కెట్లు అనే చెక్క బిళ్లలు... వింటేనే టెన్షన్. షీటు పది రోజులుగా గోడకి చేరగిలబడి నన్నే చూస్తోంది. ఉత్త స్క్రూలు బిగిస్తే చేతకానివాళ్ల పని అనుకుంటారా? ఏ జాయింట్ వేయమంటారు?

జవాబు: అమ్మా, ముందు ఆ షీటుని గోడ దగ్గర్నుంచి తీసి నేల మీద పడుకోబెట్టండి. కింద మూడు చోట్ల ఒకే మందం ఉన్న కర్రముక్కలు అడ్డంగా పెట్టి, వాటి మీద పరవండి. అలా చేరగిలబడితే తన బరువుకి తనే విల్లులా వంగుతుంది. వంగిన పలకకి మీరు ఏ జాయింట్ వేసినా అది దాన్ని లాగుతూనే ఉంటుంది.

ఇప్పుడు అసలు సంగతి. షీటులోంచి చెయ్యంత ముక్క ఒకటి కోసి, అంచుని గరుకు కాగితంతో నాలుగు రుద్దులు రుద్ది వెలుతురులో చూడండి. ఒక గీత లేతగా, ఒక గీత ముదురుగా కనపడతాయి. లేత గీతలో చెక్క నార అంచు పొడుగునా పడుకుని ఉంటుంది, వేలితో రాస్తే నున్నగా తగులుతుంది. ముదురు గీతలో నార మీ వైపు తిరిగి ఉంటుంది, గడ్డిమోపుని అడ్డంగా కోసి కోసిన వైపు నుంచి చూసినట్టు. అక్కడ వేలికి గరుకు. పల్చటి పొరల్ని ఇలా ఒకదానికొకటి అడ్డంగా పేర్చి అతికిస్తేనే ప్లైవుడ్. రెండు ముఖాల మీదా నార ఒకే వైపు సాగాలి కాబట్టి పొరల లెక్క మామూలుగా బేసి సంఖ్యలోనే ఉంటుంది.

మీ సందేహాలకి సగం జవాబు ఆ అంచులోనే ఉంది. జిగురు బాగా పట్టేది పడుకున్న నారకి. నిలబడ్డ నార జిగురుని గొట్టంలా పీల్చేసుకుంటుంది, పైన ఏమీ మిగలదు. అంటే ప్లైవుడ్ అంచులో సగం జిగురుకి చుట్టం, సగం కాదు. స్క్రూ సంగతి ఇంకోలా ఉంటుంది. ముఖం మీద నుంచి దిగితే పొరలన్నిటినీ గుచ్చి పట్టుకుంటుంది. అంచులోంచి దిగితే రెండు పొరల మధ్య మేకులా దూరి వాటిని విడదీయాలని చూస్తుంది.

మరి డవ్‌టెయిల్, కూసం, బెజ్జం (ఒక ముక్క మొన ఇంకో ముక్క బెజ్జంలో దూరేది) లాంటి పాత జాయింట్లు ఎందుకు పుట్టాయంటారా? అవి నిండు చెక్క కోసం పుట్టాయి. నిండు చెక్క తేమకి వెడల్పున ఉబ్బుతుంది, ఆరితే కుంచించుకుంటుంది. ఆ కదలికని భరిస్తూ, పడుకున్న నారని పడుకున్న నారకి ఆనించే ఉపాయాలవి. ప్లైవుడ్‌లో ఒక పొర కదలబోతే పక్క పొర అడ్డం పడుతుంది. దాదాపు కదలదు. లేని జబ్బుకి మందెందుకు?

నాకిది ఎవరో చెబితే తెలియలేదు. పంతొమ్మిదేళ్ల వయసులో, మా నాన్న ఊళ్లో లేని రోజు చూసి, ప్లైవుడ్ సొరుగుకి డవ్‌టెయిల్ కొట్టాను. పనితనం చూపిద్దామని ఆశ. ఉలి పెట్టి తట్టిన ప్రతిసారీ పై పొర చిన్న చిన్న రేకుల్లా లేచిపోయింది. లేచిన రేకుల్ని జిగురు పెట్టి మళ్లీ అంటించాను. మూడో మూలకి వచ్చేసరికి అంటించిన రేకులే ఎక్కువ, మిగిలిన చెక్క తక్కువ. నాన్న వచ్చి ఆ సొరుగుని కిటికీ దగ్గరికి తీసుకెళ్లి, సందులోకి పెన్సిల్ దూర్చి చూశాడు. పెన్సిల్ అవతలికి వచ్చింది. "ఇది చెట్టు కాదురా, దొంతర. దొంతరని దొంతరలాగే చూడు" అని మాత్రం అన్నాడు. తిట్టి ఉంటే బాగుండేదనిపించింది.

అందుకని డవ్‌టెయిల్ మాట మరిచిపోండి. ఏ జాయింట్ గొప్పదన్న ప్రశ్ననీ పక్కన పెట్టండి. మీ షెల్ఫ్‌లో ఎక్కడ ఏ బలం పడుతుందో చూద్దాం. ఒక్కో చోటికి ఒక్కో జవాబు వస్తుంది.

ఒక అగ్గిపెట్టె తీసుకోండి. లోపలి డబ్బా తీసేసి, పై తొడుగుని మాత్రం పట్టుకుని పక్క నుంచి వేలితో నొక్కండి. చప్పున ఒరిగి పడుకుంటుంది. డబ్బా లోపలికి తోసి మళ్లీ నొక్కండి. కదలదు. తొడుగు మూలలు మారలేదు, జాయింట్లు మారలేదు. మధ్యలోకి ఒక పలక వచ్చి అడ్డుకుంది, అంతే. మీ షెల్ఫ్‌కి వెనక పలక చేసే పని అదే. వెనక తెరిచి ఉన్న షెల్ఫ్‌ని పక్కకి తోస్తే ఆ బలమంతా నాలుగు మూలల మీదే పడుతుంది. కొన్నాళ్లకి నిజంగానే కూసాలు కదులుతాయి. కొత్తవాళ్లు మూల జాయింట్ కోసం ప్రాణం పెట్టేసి, వెనక పలక దగ్గరికి వచ్చేసరికి "ఏదో ఒక అట్ట కొడదాంలే" అంటారు. నన్నడిగితే ఆ వరస తిరగేయాలి. 6 మి.మీ. ప్లైవుడ్ వెనక పలకని జిగురు పెట్టి, చుట్టూ 15 సెం.మీ.కి ఒకటి చొప్పున చిన్న స్క్రూలు గానీ మేకులు గానీ దిగేస్తే, మూలల్లో మీరు ఉత్త స్క్రూలు వేసినా ఆ పెట్టె ఒరగదు.

రెండో బలం పుస్తకాలది. అది తిన్నగా కిందికి. పుస్తకాలు మీటరు పొడుగు అరకి పాతిక ముప్పై కిలోలు సులువుగా తూగుతాయి. ఇక్కడ మీరు జాయింట్ గురించి అడిగారు గానీ, నాకు మీ 80 సెం.మీ. వెడల్పు చూస్తే ముందు భయం వేసింది. జాయింట్ విరగడం కంటే ముందు అరకి బొజ్జ వస్తుంది. మీరు లెక్కల టీచరు కాబట్టి చెబుతున్నాను: పొడుగునా సమానంగా బరువు పరిచినప్పుడు అర వంగడం పొడుగుకి నాలుగో ఘాతంలో పెరుగుతుంది. 60 సెం.మీ. అరని 80 చేస్తే వంపు మూడు రెట్లు దాటుతుంది. రెండు జాగ్రత్తలు తీసుకోండి. ఒకటి, షీటు కోసేటప్పుడు పై పొర నార అర పొడుగునా సాగేలా కోయండి. అడ్డంగా కోస్తే అదే ప్లైవుడ్ ఇంకా ఎక్కువ వంగుతుంది. రెండు, ప్రతి అర ముందు అంచుకి 20 మి.మీ. మందం, 40 మి.మీ. ఎత్తు ఉన్న నిండు చెక్క పట్టీ జిగురుతో అతికించండి. పై అంచులు సమానంగా ఉండాలి, మిగతాది కిందికి దిగాలి. ఈ ఒక్క పట్టీతో అర రెండింతలకు పైగా గట్టిపడుతుంది. ప్లైవుడ్ గీతలు కూడా కనపడవు.

ఆ పట్టీ ఇంకో మేలు చేస్తుంది, అది నాకు బాగా ఇష్టమైన సంగతి. మీ దగ్గర రౌటర్, అంటే గాడి తీసే మిషన్, లేదు కాబట్టి అరలకి గాడి తీయలేరు. దాని బదులు పక్క పలక లోపలివైపు 20 మి.మీ. చదరపు బద్ద ఒకటి జిగురుతో, మూడు స్క్రూలతో బిగించి, అరని దాని మీద కూర్చోబెట్టండి. "అబ్బే, బద్దలు కనపడితే బాగోదు" అంటారు కదా! పట్టీ ఎత్తు 40, అర మందం 18, కిందికి దిగేది 22. బద్ద మందం 20. పట్టీ వెనకాల బద్ద దాక్కుంటుంది. అర పలకని 26 సెం.మీ. లోతుకి కోయండి, ముందు పట్టీతో కలిపి 28 అవుతుంది. బద్ద కూడా 26 పొడుగు చాలు.

బద్దని పక్క పలకకి బిగించడానికి 30 మి.మీ. స్క్రూ వాడండి. 20 మి.మీ. బద్దలోంచి వెళ్లి పలకలోకి 10 మి.మీ. దిగుతుంది. 40 మి.మీ. స్క్రూ వేస్తే అవతలివైపు మొన తేలుతుంది, అప్పుడు చూసుకుని లాభం లేదు. తర్వాత అదే సైజు స్క్రూతో బద్ద కింద నుంచి పైకి అరలోకి బిగించండి. దాంతో పక్క పలకలు బయటికి విచ్చుకోకుండా అరే పట్టి ఉంచుతుంది. ఈ పద్ధతిలో అరల దగ్గర బయటివైపు ఒక్క స్క్రూ తల కూడా కనపడదు. బరువంతా స్క్రూల మీద కాకుండా జిగురు పట్టిన బద్ద మీద కూర్చుంటుంది.

ఇక పైపలక, అడుగుపలక. రెండూ పక్క పలకల మధ్య దూరాలి. పక్క పలక బయటి నుంచి స్క్రూ వేస్తే అది ఆ పలకల అంచులోకి దిగుతుంది. ఇందాక అంచులో స్క్రూ పొరల్ని విడదీస్తుందన్నాను కదా, అందుకే ఈ పని కొంచెం ఓపిగ్గా చేయాలి.

4 మి.మీ. లావు, 50 మి.మీ. పొడుగు స్క్రూ తీసుకోండి. పక్క పలక 18 పోను 32 మి.మీ. అంచులోకి దిగుతుంది. అంచు మందానికి సరిగ్గా సగంలో పడేలా బయట గీత గీసుకోండి. ముందు చివర నుంచి, వెనక చివర నుంచి 4, 5 సెం.మీ. వదిలి ఒక్కోటి, మధ్యలో ఒకటి. చివరికి మరీ దగ్గరగా వేస్తే అక్కడే పొర విచ్చుకుంటుంది. పక్క పలకలో 4 మి.మీ. బిట్టుతో పూర్తిగా ఇవతల నుంచి అవతలికి బెజ్జం వేయండి. అంటే స్క్రూ మరలు ఆ పలకని పట్టుకోకూడదు, అందులోంచి వదులుగా జారిపోవాలి. అంచులో మాత్రం 2.5 లేక 3 మి.మీ. బిట్టుతో, స్క్రూ ఎంత లోతు దిగుతుందో అంత లోతూ బెజ్జం వేయండి. పైన తల కూర్చోవడానికి గుంట తీయండి.

ఈ రెండు సైజుల బెజ్జాలు ఎందుకని చాలామంది దాటవేస్తారు. దాటవేస్తే ఏమవుతుందో ఒక పనికిరాని ముక్క మీద చేసి చూడండి. స్క్రూ మరలు రెండు పలకల్నీ ఒకేసారి పట్టుకుంటాయి. అప్పటికి మధ్యలో అట్టముక్కంత సందు ఉందనుకోండి, మీరు ఎంత తిప్పినా ఆ సందు అలాగే ఉంటుంది. మరలు రెండిట్లోనూ తిరుగుతాయే తప్ప పలకలు దగ్గరికి రావు. చివరికి బలం కొద్దీ తిప్పితే తల గుంటలో మునిగిపోతుంది గానీ సందు పోదు. పక్క పలకలో బెజ్జం వదులుగా ఉంటే, తల నొక్కుతుంది, మరలు లాగుతాయి, సందులోంచి జిగురు చిన్న చిన్న పూసల్లా బయటికి వస్తుంది. ఆ పూసలు వరసగా కనపడితే మీ జాయింట్ కుదిరినట్టే.

జిగురు మామూలు తెల్ల జిగురు, అదే పీవీఏ, చాలు. అంచుకి ముందు పల్చగా ఒక పూత రాసి రెండు నిమిషాలు ఆగండి, అది పీల్చుకుంటుంది. దాని మీద రెండో పూత రాసి అప్పుడు కలపండి. రాసిన దగ్గర్నుంచి మీకు ఐదు పది నిమిషాలే టైముంటుంది, అందుకని ముందు జిగురు లేకుండా మొత్తం ఒకసారి బిగించి చూసుకుని, విప్పి, అప్పుడు మొదలుపెట్టండి. ఏ ముక్క ఎటు తిరగాలో పెన్సిల్‌తో బాణం గుర్తులు వేసుకోండి. ముప్పై ఏళ్లు చేసిన నేనూ వేసుకుంటాను. వేసుకోని రోజున అడుగుపలక తలకిందులైంది.

ఉత్త స్క్రూలు వేస్తే చేతకానితనమా అని అడిగారు. జిగురు ఆరేదాకా రెండు పలకల్ని గట్టిగా నొక్కి ఉంచే క్లాంపు ఆ స్క్రూ. మీ దగ్గర రెండే క్లాంపులున్నాయన్న బెంగ కూడా అక్కడితో పోతుంది. జిగురు ఆరాక అదే స్క్రూ, జిగురు సరిగా పట్టని ఆ సగం పొరల తరఫున కాపలా కాస్తుంది. మా వర్క్‌షాపులో చేసిన ప్లైవుడ్ పెట్టెల్లో చాలా వాటికి ఇదే జాయింట్. గుంటలో చెక్క బిరడా గానీ పుట్టీ గానీ నింపి, రుద్ది, రంగు వేస్తే ఎవరూ అడగరు.

నాలుగు పలకలూ కలిపి, జిగురు ఇంకా పచ్చిగా ఉండగానే, టేపుతో మూల నుంచి మూలకి కొలవండి. రెండు కర్ణాలూ సమానం కావాలి. ఎందుకో మీకు నేను చెప్పక్కర్లేదు. తేడా వస్తే పొడుగ్గా ఉన్న కర్ణం రెండు మూలలకీ క్లాంపు వేసి మెల్లగా లాగండి. సమానం కాగానే, అదే ఊపులో వెనక పలక జిగురు పెట్టి కొట్టేయండి. అంచుల నుంచి 2 మి.మీ. లోపలికి ఉంటే పక్క నుంచి కనపడదు. ఒక రాత్రంతా కదపకండి. 120 సెం.మీ. ఎత్తు, 28 లోతు అంటే ముందుకి తూలే బొమ్మే. పిల్లలు అరల మీద ఎక్కుతారు. పైన ఒక ఎల్ ఆకారం పట్టీతో గోడకి బిగించడం మరవకండి.

మిగతా పేర్ల గురించి రెండు ముక్కలు. పాకెట్ స్క్రూ మంచిదే. 15 డిగ్రీల వాలుగా బెజ్జం వేయడానికి జిగ్, అంటే బిట్టుకి దారి చూపే అచ్చు, కావాలి, 18 మి.మీ. పలకకి 32 మి.మీ. స్క్రూ సరిపోతుంది. రెండో వస్తువు చేసేటప్పుడు ఆ జిగ్ కొనుక్కోండి, పని త్వరగా అవుతుంది. డవెల్స్‌కి మాత్రం తొందరపడొద్దు. 18 మి.మీ. పలకకి 8 మి.మీ. డవెల్ వాడతారు. ముఖం వైపు 12 మి.మీ. కంటే లోతు వెళ్లకూడదు, వెళ్తే బిట్టు మొన బయటికి తేలుతుంది. రెండు బెజ్జాలు ఒక మిల్లీమీటరు అటూ ఇటూ అయినా కలవవు. మొదటి షెల్ఫ్‌కే ఆ పరీక్ష ఎందుకు? గాడి గురించి కింది ఉత్తరంలో.

ప్రశ్న: అన్నా, కొత్తగా రౌటర్ కొన్నాను. 18 మి.మీ. ప్లైవుడ్ కదా అని 18 మి.మీ. బిట్టుతోనే గాడులు తీశాను. అర పెడితే లొటలొటలాడుతోంది. బిట్టు తప్పా, నా చెయ్యి తప్పా?

జవాబు: రెండూ కాదు తమ్ముడూ, షీటు మీద అచ్చేసిన అంకె తప్పు. 18 అని రాసున్న షీటు కొలిస్తే 17 చిల్లర ఉండటం మామూలే. ఒకే షీటులో ఈ చివరకీ ఆ చివరకీ కూడా తేడా ఉంటుంది. నేనూ ఒకసారి పెద్ద అలమరకి పద్నాలుగు గాడులు ఇలాగే తీశాను. ఒక్కదాంట్లో అర పెట్టి చూసుంటే పదమూడు మిగిలేవి. పొద్దున్నుంచీ మిషన్ మోత వినీ వినీ చెవులతో పాటు బుర్ర కూడా మొద్దుబారింది.

అయిందేదో అయింది. తెల్ల జిగురు సందుని నింపదు, ఎంత పోసినా ఆరాక కుంచించుకుపోతుంది. అర అడుగున పల్చటి వెనీర్ (రేకులాంటి చెక్క పొర) ముక్క అంటించి మందం పెంచండి, లేదా ఎపాక్సీలో (రెండు భాగాలు కలిపి వాడే గట్టి జిగురులో) సన్నటి రంపపు పొట్టు కలిపి గాడిలో పెట్టండి. వెనీర్ శుభ్రంగా ఉంటుంది. కింది వైపు అంటిస్తే ఎవరికీ కనపడదు.

ఇకముందు 12 మి.మీ. బిట్టు తీసుకుని రెండు తోపుల్లో గాడి తీయండి. కొలత అంకెలతో పెట్టొద్దు. ఆ అర ముక్కనే గైడు దగ్గర ఆనించి వెడల్పు ఖాయం చేసుకోండి. లోతు 6 మి.మీ. చాలు, పలక మందంలో మూడో వంతు. లోతు పెంచితే బలం పెరగదు, పక్క పలక పల్చబడుతుంది. గాడి తీసే ముందు రెండు గీతల మీదా కత్తితో గట్టిగా ఒక గాటు పెట్టుకుంటే అంచున పై పొర రేకులు లేవవు. అర చేత్తో నొక్కితే దిగాలి, సుత్తి అడగకూడదు. మరీ బిగుతుగా ఉంటే జిగురు తడికి ఉబ్బి మధ్యలోనే ఆగిపోతుంది.

ప్రశ్న: మేస్త్రీ, పోయిన నెల "బిస్కెట్ జాయింట్‌కి బలం లేదు, వదిలేయండి" అని ఒక ముక్కలో కొట్టిపారేశారు. ఇరవై ఏళ్లుగా బిస్కెట్లతోనే టేబుళ్లు చేస్తున్నాను. ఒక్కటీ ఊడలేదు. మీరెప్పుడైనా వాడారా అసలు?

జవాబు: వాడాను అన్నా. కోపం న్యాయమే, ఒక్క ముక్కలో తేల్చేయాల్సిన విషయం కాదది. 1950ల్లో స్విట్జర్లాండ్‌లో హెర్మన్ స్టెయినర్ అనే వడ్రంగి అప్పుడే వస్తున్న చిప్‌బోర్డుని (చెక్క తునకల్ని జిగురుతో నొక్కి చేసిన పలకని) సులువుగా కలపడానికి ఈ ఉపాయం కనిపెట్టాడు. బాగా నొక్కి పల్చన చేసిన బీచ్ చెక్క బిళ్ల అది. జిగురులోని తడికి ఉబ్బి గాడిలో బిర్రబిగుస్తుంది. గాడి బిళ్ల కంటే కాస్త పొడుగు ఉంటుంది కాబట్టి పలకని అటూ ఇటూ కొంచెం జరుపుకోవచ్చు. డవెల్‌లో దొరకని సుఖం ఇదే. రెండు పలకల ముఖాలు సమానంగా రావడానికి బిస్కెట్‌ని మించింది లేదని ఒప్పుకుంటున్నాను.

నా అభ్యంతరం బరువు మోసే మూలల దగ్గర. 18 మి.మీ. అంచులో 4 మి.మీ. బిళ్ల ఒకటి రెండు పెట్టి, వెనక పలక లేకుండా పెట్టె నిలబెడితే, తోసినప్పుడు ఆ బిళ్ల చుట్టూ ఉన్న పొరలు చీలతాయి. మీ టేబుళ్లు ఊడలేదంటే బిళ్లలు పలకల్ని వరసలో నిలిపాయి, బలం కింది చట్రం ఇచ్చి ఉంటుంది. కాదంటే ఒక ఫోటో పంపండి, మళ్లీ మాట్లాడుకుందాం.

ప్రశ్న: మాకు రెండేళ్లకోసారి ఇల్లు మారడం తప్పదు. ప్లైవుడ్ మంచం, అలమర విప్పి మళ్లీ బిగించుకునేలా చేయాలంటే ఏ జాయింట్?

జవాబు: జిగురు దగ్గరికి పోవద్దు. మామూలు చెక్క స్క్రూని అంచులోంచి నాలుగైదుసార్లు విప్పి బిగిస్తే బెజ్జం పొడిపొడి అయిపోతుంది, ఆరోసారి ఊరికే తిరుగుతుంది. అలమరకి కన్ఫర్మాట్ స్క్రూలు చూడండి. 7 మి.మీ. లావు, 50 పొడుగు, మరలు ఎడంగా, లోతుగా ఉంటాయి. అంచులో 5 మి.మీ. బెజ్జం వేయాలి. వాటికంటూ మెట్లు మెట్లుగా ఉండే బిట్టు దొరుకుతుంది, అది లేకుండా చేయకండి. కొద్దిసార్లు విప్పినా పట్టు ఉంటుంది. మళ్లీ బిగించేటప్పుడు ముందు వెనక్కి తిప్పి, పాత మరల గాడిలో 'టక్'మని పడ్డాక ముందుకి తిప్పండి. లేకపోతే కొత్త గాడి కోసేస్తుంది.

మంచానికి మాత్రం బోల్టు, అడ్డంగా కూర్చునే గుండ్రటి నట్టు. పలక లోపలి ముఖంలో 10 మి.మీ. బెజ్జం వేసి నట్టు దూర్చి, అంచులోంచి 6 మి.మీ. బోల్టుని దాంట్లోకి బిగిస్తారు. ఇనుముకి ఇనుమే బిగుస్తుంది, చెక్క అరిగేదేమీ లేదు, ఎన్నిసార్లయినా విప్పుకోవచ్చు. కష్టమల్లా రెండు బెజ్జాలు లోపల సరిగ్గా కలవడం. బోల్టు బెజ్జం 7 మి.మీ. వేస్తే కాస్త సర్దుబాటు దొరుకుతుంది. ఒక్కో మూలకి రెండు బోల్టులు వేయండి, ఒక్కటే అయితే పలక దాని చుట్టూ తిరుగుతుంది. వెనక పలకని కూడా స్క్రూలతోనే బిగించండి, మేకులొద్దు. విప్పే రోజు ప్రతి మూలకీ రెండు వైపులా ఒకే అంకె వేయండి. పెన్సిల్‌తో కాదు, మూటల మధ్య రుద్దుకుని చెరిగిపోతుంది. ఉలి మొనతో, లోపలి వైపు, చిన్న గాట్లు: మొదటి మూలకి ఒకటి, రెండో మూలకి రెండు, అలా.